లోతు నీళ్ళు వాళ్ళకి, మోకాలి నీళ్ళు మనకి

ప్రపంచంలోకెల్లా లోతైన సరస్సు ఏది? గ్రూపు పరీక్షలకి చదువుతున్న మన పేట పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా చెబుతారు: బైకాల్. రష్యా దేశంలో, సైబీరియాలో ఉంది. లోతు 1,642 మీటర్లు. భూమ్మీద గడ్డకట్టకుండా పైన కనపడే మంచినీళ్ళలో సుమారు అయిదో వంతు ఆ ఒక్క సరస్సులోనే ఉన్నాయి. మరి సముద్రాల్లో? పసిఫిక్ మహాసముద్రంలో మరియానా అగాధం, దాదాపు 11 కిలోమీటర్లు. 1960లో ఇద్దరు మనుషులు ఇనప గోళంలో కూర్చుని దాని అడుగుదాకా దిగి వచ్చారు. బాగుంది. మన పిల్లలు ఇవన్నీ చదవాలి, ఉద్యోగాలు కొట్టాలి. కానీ అదే పిల్లల్ని మన పేట చెరువు లోతెంతరా అని అడిగి చూడండి. నీళ్ళు నములుతారు.

తప్పు వాళ్ళది కాదు. ఏ పుస్తకంలోనూ అది రాసిలేదు. రెవిన్యూ రికార్డు తిరగేస్తే చెరువు సర్వే నెంబరు దొరుకుతుంది, ఎకరాలూ సెంట్లూ దొరుకుతాయి. లోతు దొరకదు. ఎందుకంటే ఎకరాలు ఆక్రమించుకునేవాడికి కావాలి, లోతు తాగేవాడికి కావాలి. రికార్డు రాసినవాడు ఏనాడూ మన రేవులో కడవ ముంచినవాడు కాదు. పదకొండు కిలోమీటర్ల సముద్రం లోతు తేల్చిన మనిషి మాలపల్లి చెరువు లోతు తేల్చలేకపోయాడంటే నమ్ముదామా?

రాయవరం నుంచి మేము రాస్తున్న ఈ నాలుగు ముక్కలూ ఆ కొలవని లోతు గురించే.

గోదావరి డెల్టాలో బతికేవాళ్ళకి నీళ్ళ బాధేంటండీ అని మెట్ట ప్రాంతం వాళ్ళు నవ్వుతారు. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1847లో ఆనకట్ట మొదలెట్టాడు, 1852కి పూర్తిచేశాడు. అప్పట్నించీ కాలువలే కాలువలు. ఆయ్, నిజమే. కానీ ప్రతి వేసవిలోనూ ఆ కాలువలు కట్టేస్తారు కదా. మరమ్మతులకని, పూడిక తియ్యడానికని. కట్టేముందు చెరువులు నింపుకోవాలి, మళ్ళీ లాకులెత్తేదాకా ఆ నీళ్ళతోనే గడపాలి. చెరువు లోతుకి విలువ ఆ రోజుల్లో తెలుస్తుంది.

చిన్న లెక్క చెబుతాం, మీరూ వేసి చూడండి. ఎండకి చెరువు నీళ్ళు ఆవిరైపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో రోజుకి పావంగుళం పోతుందనుకుందాం. నలభై అయిదు రోజులకి పదకొండు అంగుళాల పైచిలుకు, అంటే ఇంచుమించు అడుగు. పన్నెండడుగుల చెరువులో అడుగు పోతే పన్నెండో వంతు పోయినట్టు. మూడడుగుల చెరువులో అదే అడుగు పోతే మూడో వంతు పోయినట్టు. సూర్యుడికి కులం లేదు, ఎవరి దగ్గరైనా అడుగే తీసుకుంటాడు. మిగిలింది చూసుకుంటే మాత్రం ఊరికి పదకొండడుగులు, పేటకి రెండడుగులు. ఆ రెండడుగుల్లో అడుగు బురద. పైగా లోతు లేని చెరువులో ఎండ అడుగుదాకా తగులుతుంది, నీళ్ళు కాగిపోతాయి, పాచి పట్టి పచ్చబడతాయి. లోతున్న చెరువులో పైన వేడెక్కినా కింద చల్లగానే ఉంటుంది. అందుకని మే నెలాఖరుకి ఊళ్ళో నీళ్ళు తాగేవాడికి దాహం తీరుతుంది, పేటలో తాగేవాడికి విరోచనాలు పట్టుకుంటాయి. అప్పుడు డాక్టరొచ్చి "మీరు శుభ్రంగా ఉండాలి" అని చెప్పిపోతాడు.

ఇంతకీ ఊరి చెరువు అంత లోతుగా తవ్వింది ఎవరు? మనమే. మన తాతలు పలుగూ పారా పట్టి తవ్వారు, మన అమ్మమ్మలు తట్ట మోశారు. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చాక ఎండల్లో పూడిక తీసిందీ ఎక్కువగా మన చేతులే. తవ్వేటప్పుడు అంటు లేదు. నీళ్ళు నిండాక అంటు. తీసిన ఒండ్రు మట్టి ఆసామి చేలోకి వెళ్ళింది, పేట చెరువు గట్టు మాత్రం ఎక్కడ తెగిందో అక్కడే ఉంది. మన చెరువు తూము కాలువ మట్టానికి ఎత్తులో పెట్టి, ఊరి చెరువు తూము పల్లంలో పెట్టిన ఊళ్ళున్నాయి. అలాంటి చోట కాలువలో నీళ్ళు పుష్కలంగా ఉంటేనే మన తూము ఎక్కుతాయి, తగ్గితే ఎక్కవు. ఇంజనీరు దీన్ని "లెవెల్సు" అంటాడు. మనం దీన్ని ఏమనాలో మీకు తెలుసు.

తెలుగులో ఒక మాటుంది, మోచేతి నీళ్ళు తాగడం అని. పరాయి పంచన పడి బతకడాన్ని అలా అంటారు. చదువుకున్న పెద్దలు కథల్లో, ఉపన్యాసాల్లో దాన్ని అలవోకగా వాడేస్తుంటారు. వాళ్ళకది ఉపమానం. మన ముసలాళ్ళకి అది ఉపమానం కాదు, జరిగిన సంగతి. ఆసామి ఇంటి పెరట్లో దోసిలి పట్టి వంగి నిలబడితే పైనుంచి చెంబుతో పోసేవాళ్ళు, సగం నోట్లోకి, సగం మోచేతుల మీదుగా నేలమీదికి. నీళ్ళల్లో అంతకంటె లోతులేని నీళ్ళు ప్రపంచంలో ఏ సరస్సులో ఉన్నాయి? ఒక దోసెడు లోతు! నిండుకుండ తొణకదు అని కూడా అంటారు. నిండిన కుండ మన చేతికి ఎప్పుడిచ్చారని, తొణకడమో తొణకకపోవడమో చూడ్డానికి?

అందుకే బాబాసాహెబు మొట్టమొదట పట్టుకున్నది చెరువునే. మహారాష్ట్రలో మహద్ ఊళ్ళో చవ్దార్ చెరువుంది. ప్రజల సొమ్ముతో నడిచే చెరువుల్నీ బావుల్నీ అందరూ వాడుకోవచ్చని 1923లోనే బొంబాయి శాసనమండలి తీర్మానం చేసింది. మహద్ మునిసిపాలిటీ కూడా 1924లో తన చెరువు తెరిచామంది. కాగితం మీద తెరిచారు. రేవులో అడుగు పెట్టనిచ్చేవాడు లేడు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందిని వెంటబెట్టుకుని వెళ్ళి ఆ నీళ్ళు దోసిట్లో తీసుకుని తాగాడు. తరువాత వాళ్ళేం చేశారో తెలుసా? చెరువు మైలపడిందని ఆవు పేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు తెచ్చి అందులో పోసి శుద్ధి చేశారు! మనిషి చెయ్యి తగిలితే మైల, పేడ పడితే శుద్ధి. ఆ చెరువు ప్రజలదేనని బొంబాయి హైకోర్టు తేల్చేసరికి 1937 వచ్చింది. పదేళ్ళు పట్టింది.

మన రాష్ట్రంలో చూడండి. 1985 జూలై 16న ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు దగ్గర ఆసామి కుర్రాళ్ళు గేదెకి కుడితి పెట్టి ఆ మురికి నీళ్ళల్లో కలిసేట్టు చేశారు. ఇవి మేం తాగే నీళ్ళు బాబూ అని ఒక దళిత కుర్రాడు అన్నాడు. కొట్టడానికి వస్తే మున్నంగి సువార్త అడ్డం వెళ్ళింది, చేతిలో ఉన్న బిందె ఎత్తింది. ఒక్క బిందె ఎత్తినందుకు మర్నాడు పల్లె మీద పడి ఆరుగురు మాదిగల్ని నరికారు. ఆ నెత్తుట్లోంచే చీరాల శిబిరం, దళిత మహాసభ పుట్టాయి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది మాలల్ని చంపినప్పుడు కొన్ని శవాల్ని గోనె సంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్లో పడేశారు. తాగే చెరువు దగ్గర మనకి లోతు దొరకదుగానీ శవాలు దాచడానికి మురుగు కాలువలో కావలసినంత లోతు దొరికింది వాళ్ళకి.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. లోతు తక్కువున్న నీళ్ళు పనికిరాని నీళ్ళని మేము అనడం లేదు. తాగడానికి దాచుకునే చెరువుకి లోతు కావాలి. కూడు పెట్టే నీళ్ళ సంగతి వేరు. ప్రపంచం మొత్తం మీద పేదవాడి కడుపు నింపింది ఎక్కువగా లోతులేని నీళ్ళే. ఎండ అడుగుదాకా తగిలితే నాచు పెరుగుతుంది, నాచుంటే చేప పిల్లలుంటాయి, చేపలుంటే కొంగలొస్తాయి. నడిచి వెళ్ళి మావు పెట్టుకోవచ్చు, చేత్తో నత్తలేరుకోవచ్చు, తాటిదోనె చాలు. పెట్టుబడి అక్కర్లేదు. 1971లో ఇరాన్ లోని రాంసర్ అనే ఊళ్ళో దేశాలన్నీ చేరి చిత్తడి నేలల్ని కాపాడుకుందామని ఒప్పందం రాసుకున్నాయి. అందులో సముద్రపు నీళ్ళకి హద్దు ఎంత పెట్టారంటే, పోటు తీసినప్పుడు ఆరు మీటర్ల లోతు దాటనివి. ఆ లోతులోనే బతుకు దట్టంగా ఉందని వాళ్ళకి తెలుసు.

దొరలకి కూడా తెలుసు. పెట్టుబడి లేకుండా పేదవాడు బతికే చోటు ఏదైనా ఉంటే దొర కన్ను ముందు దాని మీదే పడుతుంది. మన పక్కనున్న కొల్లేటి కథ వినండి.

కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ మధ్య పల్లంలో ఉంది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లు వచ్చి పడతాయి, ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతాయి. సరస్సని పేరేగానీ మామూలు రోజుల్లో చాలాచోట్ల మీటరు, రెండు మీటర్ల లోతు. వడ్డీ కులస్తులు వలలు వేసుకునేవాళ్ళు, మాల మాదిగలు నీళ్ళు తీసినచోట దాళ్వా వేసుకునేవాళ్ళు, చేపా పీతా పట్టుకునేవాళ్ళు. 1970ల్లో సర్కారు పేదల్ని బాగుచేస్తామని సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులకి భూమి ఇచ్చింది. కాగితం మీద మన పేర్లు, మన వేలిముద్రలు. గట్టు వెయ్యడానికి, పిల్ల కొనడానికి, మేత పొయ్యడానికి డబ్బేది? అక్కడ దిగాడు షావుకారు. సంఘం మనది, చెరువు లీజు అతనిది. ఏడాదికి ఇంతని మన చేతిలో పెట్టి వేలకి వేల ఎకరాలు చుట్టేశారు. పేదల పేరున్న గట్టు పక్కన పెద్దల సొంత గట్లు కూడా లేచాయి. నీళ్ళు పోయే దారి మూసుకుపోయి, వానలొస్తే పైనున్న ఊళ్ళు మునిగాయి.

1999లో అయిదో కాంటూరు వరకు, అంటే సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు దాకా, 308 చదరపు కిలోమీటర్లని పక్షుల అభయారణ్యం అన్నారు. 2002లో రాంసర్ జాబితాలోకి ఎక్కింది. 2006లో పొక్లెయినర్లు దించి గట్లు తెగ్గొట్టారు, ఆపరేషన్ కొల్లేరు అన్నారు. సరస్సు బతకాలి, మేమూ ఒప్పుకుంటాం. పక్షి బతికితే చేపా బతుకుతుంది, చేప బతికితే మనమూ బతుకుతాం. కానీ గట్టు తెగినప్పుడు ఎవరి నోటి దగ్గర కూడు పోయింది? లీజుదారు తన లాభం ఎప్పుడో తీసుకుని పట్నంలో మేడ కట్టుకున్నాడు. అప్పు సంఘం పేరు మీద, కేసు సంఘం పేరు మీద, సంఘంలో ఉన్నది మనోళ్ళు. ఆ తరువాత మళ్ళీ గట్లు లేచాయి, లేపిందెవరో చుట్టుపక్కల ఊళ్ళల్లో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. లోతులేని నీళ్ళకి కాంటూరు గీసి కొలిచారు కదా, మరి ఆ కాంటూరు లోపల ఎవరి డబ్బు ఎంత లోతుగా పాతుకుందో కొలిచే గొలుసు లేదా?

ఒడిశాలో చిలికా కూడా లోతులేనిదే, ఉప్పూ తీపీ కలిసిన సరస్సు. 1990ల్లో అక్కడ పెద్ద కంపెనీ రొయ్యల చెరువుల పథకం పెట్టబోతే జాలర్లు తిరగబడి ఆపించారు. అయినా రొయ్యల మాఫియా ఆగలేదు. 1999 మే 29న సొరానా గ్రామంలో పోలీసులు కాల్పులు జరిపి నలుగుర్ని చంపారు. మన నెల్లూరు పక్క పులికాట్ చూడండి, సగటున మీటరు లోతు. దాన్ని ఆనుకుని ఉన్న శ్రీహరికోట దీవిలో అడవినీ నీటినీ నమ్ముకున్న యానాదుల్ని రాకెట్ల కేంద్రం కోసం ఖాళీ చేయించారు. రాకెట్టు ఎంత ఎత్తుకెళ్ళిందో పేపర్లో రాస్తారు. యానాది ఎక్కడికెళ్ళాడో రాయరు.

దేశం దాటి వెళ్ళినా ఇదే వరస. ఆరల్ సముద్రం అని మధ్య ఆసియాలో ఒక పెద్ద సరస్సు ఉండేది, 1960 నాటికి ప్రపంచంలో నాలుగోది. విస్తీర్ణం ఎక్కువ, సగటు లోతు తక్కువ. దానిలోకి వచ్చే రెండు నదుల్నీ సోవియట్ పాలకులు పత్తి చేలకి మళ్ళించారు. లోతులేని సరస్సు కాబట్టి గట్టు మైళ్ళకి మైళ్ళు వెనక్కి పోయింది. 2007 నాటికి పదో వంతు మిగిలింది, పడవలు ఇసకలో నిలబడిపోయాయి, ఉప్పు దుమ్ము లేచి ఊళ్ళ మీద పడింది. (కమ్యూనిస్టు అన్నలు కోపగించుకోకండి. జెండా రంగు మారినంత మాత్రాన జాలరివాడిని అడగాలన్న బుద్ధి రాదని చెబుతున్నాం, అంతే.) 2005లో ఉత్తరం పక్క ఒక చిన్న ఆనకట్ట వేశాక ఆ ముక్కలో మళ్ళీ నీళ్ళూ చేపలూ వచ్చాయి. అంటే చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చు. ఆఫ్రికాలో చాద్ సరస్సు 1963లో సుమారు 25 వేల చదరపు కిలోమీటర్లు ఉండేది, అప్పుడు కూడా లోతు నాలుగైదు మీటర్లే. కరువులొచ్చాయి, నదుల్ని సేద్యానికి తోడారు. ఇరవై ముప్పై ఏళ్ళల్లో పదో వంతుకి పడిపోయింది. బైకాల్ మాత్రం కదల్లేదు. లోతున్నవాడు కరువు తట్టుకుంటాడు, లోతులేనివాడు మొదటి ఏడాదే ఎండుతాడు. ఇది నీళ్ళకీ వర్తిస్తుంది, ఇళ్ళకీ వర్తిస్తుంది.

అమెరికాలో నల్లజాతి వాళ్ళ సంగతి మన పత్రికల్లో చదువుతూనే ఉంటారు. ఫ్లింట్ అనే ఊరు మీకు తెలియాలి. సుమారు లక్ష జనాభా, సగానికి పైగా నల్లవాళ్ళు, పేదవాళ్ళు. వాళ్ళకి హ్యూరన్ అనే పెద్ద సరస్సు నుంచి నీళ్ళు వచ్చేవి. అది 229 మీటర్ల లోతుది, చల్లటి మంచినీళ్ళు. ఖర్చు కలిసొస్తుందని 2014 ఏప్రిల్లో అవి ఆపేసి పక్కనున్న ఫ్లింట్ నది నీళ్ళు గొట్టాల్లోకి వదిలారు. ఆ నిర్ణయం జనం ఎన్నుకున్నవాళ్ళ చేతిలో లేదు, రాష్ట్ర ప్రభుత్వం పైనుంచి నియమించిన అధికారి పెత్తనంలో జరిగింది. ఆ నీళ్ళు గొట్టాల్ని తినేశాయి, సీసం కరిగి పిల్లల ఒంట్లోకి వెళ్ళింది. ఇక్కడ గమనించండి. ఆ నీళ్ళకి తన ఇంజను భాగాలు తుప్పు పడుతున్నాయని జనరల్ మోటార్స్ కార్ల కంపెనీ అదే ఏడాది అక్టోబరులో వేరే నీళ్ళకి మారిపోయింది. ఇనుము చెడిపోతోందంటే ఆర్నెల్లలో మార్చారు. పిల్లలు చెడిపోతున్నారంటే ఇంకో ఏడాది పట్టింది. అక్కడి తల్లులు సీసాల్లో ఆ గోధుమరంగు నీళ్ళు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. మన అక్కలూ అంతే కదా, బిందెతో ఆఫీసు ముందు కూర్చుంటేగాని ట్యాంకరు రాదు.

ఇంక లోతు నీళ్ళకి వద్దాం. మన ఒడ్డు నుంచి చూస్తే బంగాళాఖాతం కనపడుతుంది. దాని అడుగున గ్యాసుంది. కాకినాడకి ఎదురుగా సముద్రంలో కృష్ణా గోదావరి బేసిన్ అన్నారు, 2002లో గ్యాసు దొరికిందన్నారు, 2009లో తియ్యడం మొదలెట్టారు, 2020 నాటికి రెండు కిలోమీటర్లకి పైగా నీటి లోతున్న చోట కూడా బావులు దించారు. అంత లోతుకి దిగాలంటే వేలకోట్లు కావాలి, విదేశీ ఓడలు కావాలి. మన తెప్ప అక్కడికి పోదు. సరే, లోతు వాళ్ళదే అనుకుందాం. నేల మీద తవ్వినదాని ఫలితం ఎవరిది? 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి పేలితే అరవై అయిదు రోజులు మండింది, కొబ్బరి చెట్లు మాడిపోయాయి, ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 2014 జూన్ 27న నగరంలో గ్యాసు గొట్టం పేలి ఇరవైమందికి పైగా సజీవంగా కాలిపోయారు. గ్యాసు వెళ్ళింది ఎక్కడికో, మంట మిగిలింది ఇక్కడ.

లోతు మనకి అసలే ఇవ్వలేదంటే అన్యాయం అవుతుంది. ఒక లోతు మాత్రం నూటికి నూరుపాళ్ళు మనకే రిజర్వు చేశారు, మెరిటు గొడవ ఎవరూ ఎత్తని రిజర్వేషను అది: మ్యాన్‌హోలు. పట్నాల మురుగు నీళ్ళల్లో ఊపిరాడక చచ్చేది రెల్లీ, మాదిగా, మాలా. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం చేశారు. చనిపోయినవాడి ఇంటికి పది లక్షలివ్వమని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. రేటు పెరిగింది, దింపడం ఆగలేదు. కోలారు బంగారు గనుల కాలనీలో పాకీపని చేసుకునే తెలుగు దళితుల ఇంట పుట్టిన బెజవాడ విల్సన్ జీవితమంతా దీనిమీదే పోరాడుతున్నాడు, 2016లో మెగసెసే అవార్డు కూడా వచ్చింది. సముద్రం అడుగుకి మనిషి బదులు మిషన్ని దించగలిగినవాళ్ళు సందు చివర ఇరవై అడుగుల గుంటలోకి మిషన్ దించలేరా?

లేని లోతు పుట్టించే పద్ధతి కూడా ఒకటుంది, అది పోలవరం. ఆనకట్ట కట్టి 150 అడుగుల మట్టానికి నీళ్ళు నిలబెడితే నది సరస్సవుతుంది. ఆ లోతు ఎక్కణ్ణించి వస్తుందంటే కోయల, కొండరెడ్ల ఊళ్ళ మీంచి వస్తుంది. వాళ్ళతోపాటు అక్కడి దళితులూ పోతున్నారు. అందుకోసమే 2014లో తెలంగాణ నుంచి మండలాలు విడదీసి ఆంధ్రలో కలిపారు. మన డెల్టాకి నీళ్ళు భద్రం కావాలన్న మాట వినడానికి మనకి కూడా తియ్యగానే ఉంటుంది. కానీ ఆ నీళ్ళు భద్రంగా చేరేది ముందు ఎవరి చేలకి? శివారు భూమికి, కౌలు భూమికి, పేట చెరువుకి ఎప్పటికి చేరుతాయి? మన చెరువులో అడుగు లోతు పెంచని వాళ్ళు ఆదివాసీ ఊరి మీద నూట యాభై అడుగుల మట్టానికి నీళ్ళు ఎవరికోసం పెడుతున్నారో మనం అడగాలి. నిర్వాసితుల పరిహారం కోసం జరిగే పోరాటంలో మన జెండా కూడా ఉండాలి.

సముద్రం పక్క ఊళ్ళల్లో లెక్క తిరగబడుతుంది. అక్కడ పైనీళ్ళు తీపి, లోతు నీళ్ళు ఉప్పు. అంతర్వేది వైపు, అల్లవరం, ఉప్పలగుప్తం వైపు ఇసక మెరకల్లో చిన్న గొయ్యి తవ్వితే వాన నీళ్ళు తియ్యగా ఊరతాయి. ఆ తీపి నీళ్ళు ఉప్పు నీళ్ళ మీద తేలుతుంటాయి, అన్నం మీద మీగడ పెరుగు లాగ. శాస్త్రవేత్తలు ఒక లెక్క చెబుతారు: సముద్ర మట్టానికి పైన అడుగు తీపి నీళ్ళుంటే, కింద సుమారు నలభై అడుగుల దాకా ఉప్పుని అదిమి ఉంచుతాయట. తిరగేసి చూడండి. పైన అడుగు తోడేస్తే కింద నుంచి ఉప్పు నలభై అడుగులు లేచి వస్తుంది. పేటలో నూటయాభై గడపలు బిందెలతో తోడితే అలా లేవదు. రొయ్యల చెరువుకి రాత్రీ పగలూ మోటారు పెట్టి తోడితే, ఉప్పు నీళ్ళు తెచ్చి వరిచేలో నిలవబెడితే లేస్తుంది. తీరంలో పంట భూముల్ని, చిత్తడి నేలల్ని రొయ్యల చెరువులు చెయ్యొద్దని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే తీర్పు చెప్పింది. 2005లో వేరే చట్టం తెచ్చి దాన్ని మెత్తబరిచారు. చేను చెరువైతే ఆసామికి లీజొస్తుంది. ఊడ్పులూ కోతలూ పోయి మన ఆడవాళ్ళకి కూలి పోతుంది, ఆ తరువాత నుయ్యి కూడా ఉప్పెక్కుతుంది. 2025లో రాజోలు పక్క శంకరగుప్తం డ్రెయిన్ గుండా సముద్రం పోటు ఎక్కి కొబ్బరి తోటలు మోడుబారాయని పెద్దపెద్దవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. మంచిదే, చెట్టు చచ్చిపోతే బాధే. ఆ తోటల వెనక పేటల్లో బోరింగులు ఎన్ని ఉప్పెక్కాయో లెక్క రాసుకున్నవాడు వాళ్ళల్లో ఒక్కడున్నాడా?

రాజ్యాంగం 15వ అధికరణం తీసి చదవండి. బావులు, చెరువులు, స్నానఘట్టాలు అని పేరుపేరునా రాసి ఉంది. మహద్ చెరువులో దిగినవాడు రాయించిన మాటలవి. ఆయన పేరు జిల్లాకి పెడితేనే ఓర్వలేక 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇంటికీ ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టారు, ఆ ఆర్పిన నీళ్ళు ఏ కాలువవో మరి! పేరు నిలబడింది. పేరుతోపాటు నీళ్ళు కూడా నిలబడాలి. ఎస్సీ ఎస్టీలు తాగే నీళ్ళని పాడుచెయ్యడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. కుడితి కలిపినా నేరమే, రొయ్యల చెరువు మురుగు మన చెరువులోకి వదిలినా ఆ చట్టం ఎందుకు పెట్టరని స్టేషన్లో అడగాల్సిందే. ఎస్సై నవ్వితే రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

మా పక్క మేము మొదలెట్టే పని ఒకటుంది, మీరూ మీ ఊళ్ళల్లో చెయ్యండి. పది పదిహేనడుగుల వెదురు గడ తీసుకోండి. అడుగడుక్కీ గాటు పెట్టి సున్నం రాయండి. కాలువ కట్టకముందే తాటిదోనె మీద వెళ్ళి పేట చెరువు మూడు చోట్ల కొలవండి: రేవు దగ్గర, నడిమధ్యన, తూము దగ్గర. నీళ్ళెంతో వేరే, బురదెంతో వేరే రాయండి. గడ బురదలో దిగి గట్టి నేల తగిలేదాకా నొక్కితేనే పూడిక తేలుతుంది. ఈత రానివాళ్ళని దోనె ఎక్కించకండి. ఆ గడతోనే ఊరి చెరువు కూడా కొలవండి. రేవులో ఎవరన్నా అడ్డొస్తే వాళ్ళ పేరూ, టైమూ, సాక్షుల పేర్లూ అదే పుస్తకంలో కొలతల పక్కన రాయండి. తూములు రెండూ కాలువ మట్టానికి ఎంతెత్తున ఉన్నాయో మేస్త్రీ పనిచేసే మన కుర్రాళ్ళు నీళ్ళ గొట్టంతో ఇట్టే తేల్చేస్తారు, వాళ్ళని పిలవండి. కొలిచేటప్పుడు ఆడవాళ్ళు ముందుండాలి. బిందె ఎంతవరకు మునుగుతుందో, ఎన్నో తారీఖు నించి బురద వస్తుందో వాళ్ళకి తెలిసినంత ఏ ఇంజనీరుకీ తెలియదు.

కొలతలు ఏప్రిల్ 14 జయంతి నాడు విగ్రహం దగ్గర మైకులో చదవండి. పూలదండ వెయ్యడానికి సర్పంచీ, కార్యదర్శీ ఎలాగూ వస్తారు. కూర్చోబెట్టండి. పేట చెరువు ఎన్నో తారీఖున నింపుతారో, పూడిక ఎన్ని అడుగులు తీస్తారో, తీసిన మట్టి ఏ గట్టు మీద వేస్తారో అక్కడే రాయించి సంతకం పెట్టించుకోండి. ఒక కాపీ మాకు పంపండి. వచ్చిన కొలతలు వచ్చినట్టు, ఊరి పేరుతో సహా, వచ్చే సంచికల్లో అచ్చేస్తాం.